సముద్రానికి వీపు పెట్టి

రంజాన్ ఇరవై ఎనిమిదో ఉపవాసం మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి నెలవంక కమిటీ పెద్దాయన ఫోన్ చేశారు. ఏటా చేసే ఫోనే. ఈసారి మాత్రం ఒకసారి గొంతు సవరించుకున్నారు.

"మౌలానా, రేపు కళింగపట్నం ఎవరు వెళ్తారు? మీ ముసలాయన లేరు కదా."

నేను వెళ్తానన్నాను.

"మీకు కనిపిస్తుందా?" అన్నారు.

నాకు యాభై దాటింది, కళ్ళజోడు ఉంది. అడగవలసిన ప్రశ్నే. కానీ ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

మా నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. ఇరవై తొమ్మిదో సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడు పండగ. లేకపోతే ముప్పై ఉపవాసాలు నిండాలి. కనిపించిందని ఎవరో ఒక నమ్మదగిన మనిషి ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. మా నరసన్నపేట వైపు ఆ సాక్ష్యం చెప్పే మనిషి చాలా కాలంగా ఒక్కడే. ఆయన పోయిన వానాకాలంలో అల్లాహ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన దూదేకులవాడు. నేనూ అంతే. మా ఇళ్ళలో ఉర్దూ లేదు, ఈ ప్రాంతపు తెలుగే. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ. నేను మదరసా చదువు ముగించుకొచ్చి మా మసీదులో ఇమాముగా నిలబడ్డ రోజు నుంచి ఆయన నన్ను మౌల్సాబూ అనడం మొదలుపెట్టాడు. కోపం వచ్చినప్పుడూ, మనసు నిండినప్పుడూ మాత్రం అల్లుడా అనేవాడు. ఆ రెండింటిలో ఏదో ముఖం చూసి తెలుసుకోవలసిందే.

నెలవంక కోసం కళింగపట్నం ఎందుకంటే, మా ఊళ్ళో పడమర దిక్కున రైసుమిల్లులు, సెల్ టవర్లు, హైవే దీపాలు. అక్కడ వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీద నిలబడితే నది మీదుగా పడమటి ఆకాశం నేల దాకా దిగి కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దిబ్బ ఎక్కగానే సముద్రం వైపు తిరిగి నిలబడేవారు. చంద్రుడు సముద్రంలోంచి వస్తాడని అందరి లెక్క. మావ ఒక్కడే సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. "అటేటి సూస్తారు? అది పున్నమి దారి. పిల్ల సందమామ ఇటే వస్తాది," అనేవాడు.

ఆయన చూసే పద్ధతి ఒకటి ఉంది. పొద్దు వాలే ముందే కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి కళ్ళకు కట్టుకునేవాడు. ఎండ తగిలిన కన్ను సన్నటి వెలుగును పట్టుకోలేదని ఆయన మాట. సూర్యుడు మునగ్గానే తువ్వాలు విప్పకుండానే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్ళు తాగి ఉపవాసం విడిచేవాడు. రెండో ఖర్జూరం గుప్పిట్లో ఉండేది. అది నెలవంకను చూశాక తినడానికి. కనిపించకపోతే చొక్కా జేబులోకి వెళ్ళిపోయేది, మర్నాటి ఉపవాసం విడవడానికి. గుప్పిట అలాగే ఉంచి తువ్వాలు విప్పి, ఒకసారి కళ్ళు నులుముకుని, నది మీదకు చూపు పెట్టేవాడు.

కనిపిస్తే కేకలు ఉండవు. పెదవులు కదిలేవి. నెలవంకను చూసినప్పుడు చదివే దువా ఒకటి ఉంది. నా ప్రభువూ నీ ప్రభువూ అల్లాహ్‌యే అని చంద్రుడితోనే చెప్పడం. మావకు అరబ్బీ నోరు తిరిగేది కాదు. "ఒరే, నన్ను సేసినోడే నిన్నూ సేసినాడు," అనేవాడు మెల్లగా. వెంటనే తల దించుకునేవాడు. ఒకసారి చూశాక మళ్ళీ చూసేవాడు కాదు.

అక్కడ వలలు బాగుచేసుకునే ఎర్రన్న అని ఒక మత్స్యకారుడు ఉన్నాడు. మావ వయసువాడే. ఏటా ఈ తంతు చూసి చూసి ఒక ఏడాది అడిగాడు.

"సాయిబు మావా, మీ దేవుడు కనపడడంట గదా. మరి ఈ సూపులేటి?"

"కనపడడని నీకెవడు సెప్పినాడు?"

"మీ వోళ్ళే సెప్తారు. మాకైతే అమ్మోరు ఎల్లినప్పుడల్లా కనపడతాది."

"మాకూ కనపడతాడు. ఇప్పుడు కాదు. సచ్చి మళ్ళీ లేసినాక."

"అలగైతే సూసినోడు ఒకడు ఎనక్కొచ్చి సెప్పాల."

"ఎనక్కెందుకొస్తానూ? అక్కడే కూకుంటాను. నువ్వు కేకేసినా పలకను."

ఎర్రన్న నవ్వి వల మీదకు వంగాడు. మావ నవ్వలేదు. ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు.

ఆయనకు నోటికి వచ్చిన హదీసు ఒక్కటే. నిండు పున్నమి నాడు చంద్రుణ్ణి ఒకరినొకరు తోసుకోకుండా ఎలా చూస్తారో, ఆ రోజు విశ్వాసులు తమ ప్రభువును అలా చూస్తారని ప్రవక్త, ఆయనపై శాంతి కలుగుగాక, చెప్పారు. చిన్నప్పుడు ఏ పెద్దాయన దగ్గరో తెలుగులో విన్నాడు. అందులో 'తోసుకోకుండా' అన్న ముక్క ఆయనకు ఇష్టం. దిబ్బ మీద జనం అదుగో అదుగో అని వేళ్ళు చూపిస్తూ ఒకరి భుజాల మీద ఒకరు పడుతుంటే, "అక్కడ ఈ గోల ఉండదు," అని తనలో తను అనుకునేవాడు.

సాక్ష్యం విషయంలో ఆయన ఎవరి మొహమాటానికీ లొంగలేదు. చూశానన్న ప్రతి మనిషినీ మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎటు? ఎంత? కొమ్ములెటు? మూడూ సరిపోతేనే సాక్షి. ఒక్కటి తప్పినా వెనక్కే.

నేను ఇమాముగా చేరిన మొదటి ఏడాది పదిమందిమి వ్యాన్ కట్టించుకుని వెళ్ళాం. మబ్బు పొరగా ఉంది. ఎవరో వేలు చూపించారు. పక్కవాడు కనిపించిందన్నాడు. ఆ పక్కవాడూ అన్నాడు. అంతమందికి కనిపించింది ఇమాముకు కనిపించలేదంటే ఎలా ఉంటుంది? నేనూ కనిపించిందన్నాను.

మావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎటు?"

"అటు. సరుగుడు తోట మీద."

"ఎంత?"

"సన్నగా. గోరంత."

"కొమ్ములెటు?"

"కుడివైపుకి," అన్నాను.

మావ నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు.

"అది క్యాలెండర్ల సందమామ అల్లుడా. పక్కన సుక్క కూడా ఉన్నాదేటి?"

నాకు అప్పుడు అర్థమైంది. క్యాలెండర్ల మీదా, పెళ్ళి కార్డుల మీదా, పండగ బ్యానర్ల మీదా నెలవంక నిలువుగా నిలబడి కుడివైపుకు నోరు తెరుచుకుని ఉంటుంది. మా ఆకాశంలో అలా ఉండదు. వెల్లకిలా, కొమ్ములు పైకి పెట్టి, తెప్పలా పడుకుంటుంది. అప్పుడప్పుడు ఒక పక్కకు కాస్త ఒరుగుతుంది, అంతే. ఈ తీరంలో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా చెప్తాడు. ఏళ్ళ తరబడి చదువుకుని వచ్చిన నేను తల పైకెత్తి చూడకుండా గోడ మీది బొమ్మను చూసి సాక్ష్యం చెప్పాను.

మావ జనం దగ్గరకు వెళ్ళి, "మౌల్సాబుకీ నాకూ కనపడ్నేదు. రేపు ముప్పై," అన్నాడు. నా పేరు ముందు పెట్టాడు. నా అబద్ధం సంగతి చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆయన రెండో ఖర్జూరం జేబులో వేసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది.

మిగతా రోజుల్లో ఆయన పరుపులవాడు. పూర్వం సైకిలుకు విల్లు కట్టుకుని ఊరూరా తిరిగి, అరుగుల మీద దూది ఏకేవాడు. తరవాత మిషన్లొచ్చాయి, బజారులో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. మిషన్ ఏకిన దూదిని కూడా అరచేత్తో ఒకసారి తడిమి చూసేవాడు, కళ్ళు మూసుకుని. ఉండలు కంటికి కనపడవట. కనుబొమ్మల మీద, గడ్డం మీద ఎప్పుడూ దూది పింజలు ఉండేవి. నమాజుకు ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేస్తే అవి తడిసి అంటుకుపోయేవి. పక్కవాళ్ళు చెప్తే, "ఉండనీ. అల్లాకి నా పని తెలుసు గదా," అనేవాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడి నుంచి. ఇందులో తప్పు నాది.

మస్కట్‌లో ఏసీ మెకానిక్‌గా చేసిన మా ఊరి యువకుడొకడు తిరిగొచ్చి కొట్టు పెట్టుకున్నాడు. మంచివాడు, అయిదు పూటలా మసీదుకు వచ్చేవాడు. ఫోన్లో ప్రసంగాలు బాగా వినేవాడు. ఒకరోజు పొద్దు వాలే ముందు చేసే అసర్ నమాజు తరవాత అందరి ముందూ నన్ను అడిగాడు. "మౌలానా, అల్లాహ్ ఎక్కడున్నాడు?"

అది ప్రశ్న కాదు, పరీక్ష అని నాకు తెలుసు. అతను వినే ప్రసంగాల పక్షం చెప్పేది ఇది. ఖురాన్‌లో అల్లాహ్ ముఖం అని ఉంది, చెయ్యి అని ఉంది, సింహాసనం పైన అని ఉంది. ఉన్నది ఉన్నట్టు నమ్మాలి. మన చేతులూ ముఖాల వంటివి అనకూడదు, ఎలా అని అడగకూడదు, మరో అర్థం చెప్పకూడదు. మేం చదువుకున్న పద్ధతి వేరు. ఆయనను పోలినది ఏదీ లేదన్న వాక్యాన్ని మేం ముందు పెట్టుకుంటాం. అల్లాహ్‌కు దేహం లేదు, ఆకారం లేదు, దిక్కు లేదు, ఆయన చోటులో ఇమిడేవాడు కాదు. ఆ మాటలకు ఆయన గొప్పతనానికి తగిన భావం ఉంటుంది, దాన్ని ఆయనకే వదిలేస్తాం.

రెండు పక్షాలూ 'ఎలా అని అడగకు' అనే చెప్తున్నాయని నాకిప్పుడు కనిపిస్తోంది. అప్పుడు కనిపించలేదు. నాలుగు శుక్రవారాలు జుమా ప్రసంగంలో వరుసగా ఆ విషయమే మాట్లాడాను. మనసులో ఆకారం కల్పించుకున్నవాడు మనసులో విగ్రహం పెట్టుకున్నట్టే అన్నాను. ఎక్కడా లేనివాడికి మొక్కేవాడు శూన్యానికి మొక్కినట్టే అని అతను బయట అన్నాడు. ముప్పై నలభై మంది నమాజు చేసే చిన్న మసీదు మాది. సలాం చెప్పుకోవడం తగ్గింది.

నాలుగో జుమా తరవాత మసీదు మెట్ల మీద మళ్ళీ మాటా మాటా పెరిగింది. మావ చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"మీ ఇద్దర్నీ ఒకటడుగుతాను. సెప్పండి. ఆ రోజు మనం ఆయన్ని సూస్తామా, సూడమా?"

"చూస్తాం," అన్నాను నేను. "చూస్తాం," అన్నాడు మస్కట్ యువకుడు. ఇద్దరం ఒకేసారి అన్నాం.

"మరింక తగువేటి?"

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. జనం నవ్వుతున్నారు, అతను కూడా నవ్వాడు. కానీ నెగ్గకుండా వదిలిపెట్టడం నాకు చేతకాలేదు. "చూస్తాం మావా. కానీ ఏదో ఒక దిక్కులో చూడం. ఇంత అని కొలత ఉండదు. రూపం ఉండదు. దగ్గరా దూరం ఉండదు," అన్నాను. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

మావ ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా అలాగే నిలబడ్డాడు.

"ఎటూ కాదు?"

"కాదు."

"ఎంతా కాదు?"

"కాదు."

మూడోది ఆయన అడగలేదు. చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు. సైకిలు తీసుకెళ్ళడం మరిచిపోయాడు. సాయంత్రం నేనే నడిపించుకుంటూ కొట్టు దగ్గర పెట్టొచ్చాను.

అది షాబాన్ నెల. తరవాతి నెల రంజాన్ ఇరవై తొమ్మిదిన వ్యాన్ సిద్ధమైంది, మావ రాలేదు. ఎవరినో పంపిస్తే, "నా సాక్ష్యం పనికిరాదు, ఎల్లండి," అన్నాడట. కళ్ళు తగ్గాయని అందరూ అనుకున్నారు. ఆ సాయంత్రం దిబ్బ మీద మేం ఏడుగురం ఉన్నాం. ఒకడు చూశానన్నాడు, ఒకడు లేదన్నాడు. మూడు ప్రశ్నలు అడిగే మనిషి లేడు. చివరికి విశాఖపట్నం నుంచి కబురొచ్చాక పండగ చేసుకున్నాం.

పండగ మర్నాడు కొట్టుకు వెళ్ళాను. బూరుగు దూది సంచిలోకి కూరుతున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

"మావా, ఎందుకు రాలేదు?"

"కూకో మౌల్సాబూ." సంచి మూతి సర్దుతూ అన్నాడు. "నలభై ఏళ్ళ బట్టి ఆ మూడు ప్రశ్నలూ అడుగుతన్నాను. సెప్పలేనోడు సూడ్నేదు. అంతే గదా?"

"అంతే."

"రేపు అక్కడ నన్నెవరో అడుగుతారు. ఏరా, సూసినావా? సూసినానంటాను. ఎటు? ఎటూ కాదు. ఎంత? ఎంతా కాదు. కొమ్ములెటు, అంటే రూపమెలగున్నాది? రూపమే నేదు. ఇలగ సెప్పినోణ్ణి నానైతే ఎనక్కి పంపీవోణ్ణి. నిన్నూ పంపినాను."

ఇంకో గుప్పెడు దూది సంచిలో కుక్కాడు.

"నా ప్రశ్నలు కరెస్టయితే అక్కడ సూడ్డం నేదు. అక్కడ సూడ్డం ఉంటే నా ప్రశ్నలు తప్పు. తప్పయితే ఎంతమందిని ఎనక్కి పంపీసినాను? ఎన్ని పండగలు ఆపీసినాను?" దూది కూరడం ఆపాడు. "పండగల మాట ఒగ్గెయ్. నాను సూస్తానా, సూడనా? అది సెప్పు. ఈ డెబ్బై ఏళ్ళూ దానికోసమే గదా."

వెయ్యేళ్ళకు పైబడిన వాదం అది. పూర్వం ఒక వర్గంవారు సరిగ్గా ఇలాగే వాదించారు. చూపంటే దిక్కు ఉండాలి, దూరం ఉండాలి, ఆకారం ఉండాలి. అల్లాహ్‌కు అవి లేవు కనుక పరలోకంలో కూడా ఆయనను చూడటం లేదు అన్నారు. ఆ రోజు కొన్ని ముఖాలు తమ ప్రభువు వైపు చూస్తూ వెలిగిపోతాయన్న వాక్యానికి వేరే అర్థాలు చెప్పారు. మా పెద్దలు వాళ్ళను ఖండించారు. ఆ ఖండన నేను మదరసా పరీక్షలో రాసి మెప్పు పొందాను. ఆ పేర్లేవీ తెలియని మనిషి, గడ్డానికి దూది అంటుకున్న మనిషి, అదే వాదంలోకి తనంతట తాను నడిచి, అక్కడ నిలబడి ఏడవలేక ఉన్నాడు. అక్కడికి తోసింది నేను.

"చూస్తావు మావా. ఎలా అని అడగకూడదు," అన్నాను.

"ఎలగని అడక్కపోతే సాక్ష్యమెలగ మౌల్సాబూ?" అన్నాడు. మళ్ళీ దూది కూరడంలో పడ్డాడు.

మూడేళ్ళు ఆయన దిబ్బ మీదకు రాలేదు. నమాజు మానలేదు, మొదటి వరుస వదల్లేదు. నాతో మాట్లాడకుండా లేడు. కానీ ఆ హదీసు మళ్ళీ ఆయన నోట వినలేదు. నుదురు నేలకు ఆనించిన ప్రతి సజ్దాలో నేను ఆయన కోసం అడిగాను. అల్లాహ్, నీ ముఖాన్ని చూసే ఆనందం ఆయనకు ఇవ్వు, నా మాట వల్ల ఆయన ఆశ తెగిపోనివ్వకు అని. జుమాల్లో ఆ విషయం ఎత్తడం మానేశాను. మస్కట్ యువకుడు కూడా ఎత్తలేదు. మెట్ల మీద మావ ముఖం అతనూ చూశాడు.

మూడో ఏడు చలికాలంలో రాజాంలో ఉన్న కూతురు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళి కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించింది. నల్లకళ్ళజోడుతో తిరిగొచ్చాడు. చూడడానికి వెళ్తే, "మౌల్సాబూ, నీ గడ్డం నెరిసిపోనాది. ఎవులూ సెప్పనేదు నాకు," అన్నాడు.

ఆ రంజాన్ ఇరవై తొమ్మిదిన, వ్యాన్ బయలుదేరుతుంటే, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. వ్యాన్ కదిలింది.

దిబ్బ మీద ఎర్రన్న చూసి, "బతికే ఉన్నావేటి సాయిబు మావా? దేవుణ్ణి సూడ్డానికి ఎల్లిపోనావనుకున్నాను," అన్నాడు.

"నీతో సెప్పకండా ఎల్తానా?" అన్నాడు మావ.

కళ్ళకు తువ్వాలు కట్టుకున్నాడు. ఖర్జూరం, నీళ్ళు. రెండో ఖర్జూరం గుప్పిట్లో. తువ్వాలు విప్పి నది మీదకు చూశాడు. ఎంతోసేపు పట్టలేదు. పెదవులు కదిలాయి. తల దించుకున్నాడు. తరవాత నా చెయ్యి తీసుకుని ఆకాశం వైపు పెట్టాడు. నా చూపుడువేలు చివర, నది మీద ఎర్రటి మసకలో, వెల్లకిలా పడుకున్న సన్నటి గీత. నాకూ కనిపించింది.

"కొమ్ములెటు అల్లుడా?" అన్నాడు.

"పైకి."

"ఊఁ." ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. గింజ ఉమ్మేసి నా వైపు తిరిగాడు.

"ఈ మూడేళ్ళూ నాను సూడకండా ఉన్నాననుకున్నావేటి? ఏటా మేడెక్కి సూసీవోణ్ణి. మూడు సందమామలు కనపడీవి. ఒకదాని మీదొకటి. ఒకటి ఇటు, ఒకటి అటు. ఏ దానికి కొమ్ములు ఎటున్నాయో తెలీదు. సాక్ష్యం ఏటి సెప్తాను? డాక్టరు కంట్లో అద్దం మార్సినాడు. ఇదుగో, ఒకటే. సందమామ మారిందేటి? మారలేదు. కన్ను మారింది."

నేను వింటున్నాను. ఎర్రన్న కూడా వల వదిలి వింటున్నాడు.

"ఎటు, ఎంత, కొమ్ములెటు. ఇయి ఈ కంటికి అడిగీ ప్రశ్నలు. ఆ రోజు ఆయనిచ్చీ కన్ను ఎలగుంటాదో నాకేటి తెలుసు? ఆ కంటిని ఏటడగాలో నాకు తెలీదు. నీకు తెలుసా?"

నా గురువు ఒకరు ఇదే మాటను అరబ్బీలో చెప్పేవారు. నశించే కన్ను శాశ్వతుణ్ణి చూడలేదు. శాశ్వతమైన కన్ను ఇచ్చినప్పుడు చూస్తుందని. అది నా నాలుక చివర ఉంది. చెప్పబోయి ఆగాను.

"తెలీదు మావా," అన్నాను.

"ఆ ముక్క ఆ రోజు మెట్ల మీద అనుంటే సరిపోను గదా," అన్నాడు. కోపంగా అనలేదు. తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. "నువ్వు సెప్పింది తప్పని అనను. బొమ్మ సింపాల్సిందే. నాకూ ఒక క్యాలెండరు ఉన్నాది లోపల. నువ్వది సింపీసి ఎల్లిపోనావు. గోడ తప్ప ఇంకేటీ నేదనుకున్నాను నాను."

మేం ఇసుక మీద మగ్రిబ్ నమాజు చేశాం. నేను ముందు నిలబడ్డాను. మస్కట్ యువకుడు మావ పక్కన భుజం ఆనించి నిలబడ్డాడు. మా వెనక సముద్రం.

తరవాత ఆయన మరో రెండు రంజాన్‌లు చూశాడు. మూడు ప్రశ్నలు అడగడం మానలేదు. చంద్రుడి సాక్ష్యానికి అవి కావలసిందే. పోయిన ఆషాఢంలో, వాన తెరిపిచ్చిన ఒక ఉదయం, ఫజర్ నమాజు చేసి గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అలాగే వెళ్ళిపోయాడు. నన్ను పిలిచారు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ప్రాణం పోతున్నప్పుడు చూపు దాని వెంట వెళ్తుందని, అందుకే కళ్ళు తెరుచుకుని ఉండిపోతాయని, వాటిని మూయమని ప్రవక్త చెప్పారు. నేను అరచేత్తో మూశాను. కుడి కనుబొమ్మ మీద దూది పింజ ఒకటి ఉంది. ఖననానికి ముందు స్నానం, గుసుల్, చేయించేటప్పుడు అది తడిసి అంటుకుంది. తీయబోయి, ఉండనిచ్చాను.

ఇరవై తొమ్మిదో సాయంత్రం ఈసారి దిబ్బ మీదకు నేను వెళ్ళాను. మస్కట్ యువకుడు, మరో నలుగురు వచ్చారు. ఎర్రన్న వల పక్కన పెట్టి, మావ కూర్చునే చోట ఇసుక చదును చేసి ఉంచాడు. "సాయిబు మావ ఇంక ఎనక్కి రాడు గదా, మౌల్సాబూ. ముందే సెప్పినాడు," అన్నాడు. నేను తువ్వాలు కట్టుకున్నాను. ఒక ఖర్జూరం తిన్నాను. రెండోది గుప్పిట్లో పెట్టుకున్నాను.

కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాక, మూడోసారి వెతికినప్పుడు కనిపించింది.

కమిటీ పెద్దాయనకు ఫోన్ చేశాను. "చూశాను. నది మీద, సూర్యుడు మునిగిన చోటికి కొంచెం ఎడమగా. నూలుపోగంత. కొమ్ములు పైకి," అన్నాను.

"అవన్నీ ఎందుకు మౌలానా. మీరు చూశానంటే చాలు," అన్నారాయన.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు వస్తుందని నేను నమ్ముతాను. అందరం మళ్ళీ లేస్తాం, ఎవరినీ ఎవరూ తోసుకోని చోట నిలబడతాం, అల్లాహ్ దయ తలిస్తే ఆయనను చూస్తాం. అక్కడ మావ నాకు ఎదురై, సూసినాను అల్లుడా అంటే, నేను ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళను. నువ్వు చూశానంటే చాలు మావా అంటాను.

గుప్పిట విప్పి ఖర్జూరం తిన్నాను.